916 బంగారం తెలుసు.. మరి 10×50 అంటే? నక్షత్రాలు చూసేందుకు బైనాక్యులర్స్ కొనే ముందు ఇవి చూసుకోండి

జూమ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకుంటున్నారా? అక్కడే డబ్బులు పోయేది. రాజుపాలెం మిద్దె మీద నుంచి పాలపుంత చూడాలంటే ఎలాంటి బైనాక్యులర్స్ కావాలి? కొనేటప్పుడు ఏం పరీక్షించాలి? పూర్తి వివరాలు మీకోసం.

ప్రొద్దుటూరులో బంగారం కొనేవాళ్లు కళ్లు మూసుకుని కొనరు. హాల్‌మార్క్ ఉందా లేదా చూస్తారు. 916 అంటే 22 క్యారెట్లు అని, అందులో 91.6 శాతం బంగారం ఉంటుందని ఇంట్లో అవ్వకి కూడా తెలుసు. అనుమానం వస్తే గీటురాయి మీద గీయించి మరీ చూసుకుంటారు.

అదే ఇంట్లో పిల్లాడు "నాన్నా, చుక్కలు చూడాలి, బైనాక్యులర్స్ కొనియ్యి" అని అడిగితే మాత్రం ఫోన్‌లో కనబడిన మొదటి యాడ్ మీద నొక్కేస్తారు. అందులో "100 రెట్ల జూమ్", "నైట్ విజన్", "చంద్రుడి మీద గుంతలు కూడా" అని రాసుంటుంది. పార్శిల్ వస్తుంది. రాత్రి మిద్దెక్కి చూస్తే ఏముంది? మసక మసకగా, ఊగిపోతూ, ఒక్క చుక్క రెండుగా కనిపిస్తుంది. రెండు రోజులు చూసి అటక మీద పడేస్తారు. డబ్బులు పోతే పోయాయి, 'ఆకాశంలో చూడ్డానికి ఏమీ లేదు' అని పిల్లాడు అనుకోవడమే అసలు నష్టం.

నిజానికి కడప జిల్లా ఆకాశంలో చూడ్డానికి చాలా ఉంది. తప్పు ఆకాశానిది కాదు, కొన్న వస్తువుది. బంగారానికి 916 ఎలాగో బైనాక్యులర్స్‌కీ ఒక నంబర్ ఉంది. అది చదవడం వస్తే చాలు, సగం మోసాలు అక్కడే ఆగిపోతాయి.

ఆ రెండు నంబర్లు ఏం చెబుతాయి?

ఏ బైనాక్యులర్స్ మీదైనా 7×50, 8×42, 10×50 ఇలా రెండు నంబర్లు ఉంటాయి. మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. 10 అంటే పది రెట్లు. రెండోది ముందువైపు ఉండే పెద్ద లెన్స్ వెడల్పు, మిల్లీమీటర్లలో. 50 అంటే ఐదు సెంటీమీటర్లు.

పగటిపూట క్రికెట్ మ్యాచ్‌కో, పక్షులు చూడ్డానికో అయితే మొదటి నంబర్‌కి ప్రాధాన్యం ఎక్కువ. రాత్రి ఆకాశం సంగతి వేరు. అక్కడ కొరత దూరం కాదు, వెలుతురు. చుక్కల నుంచి మనకి చేరే కాంతి చాలా తక్కువ. దాన్ని ఎంత ఎక్కువ పోగుచేస్తే అంత ఎక్కువ కనిపిస్తుంది. ఆ పని చేసేది ముందు లెన్స్. అంటే రాత్రిపూట రెండో నంబరే ముఖ్యం.

వాన నీళ్లు పట్టడానికి చెంబు పెడితే కొంచెమే నిండుతుంది, బాన పెడితే ఎక్కువ వస్తాయి కదా. ఇదీ అంతే. చీకట్లో బాగా తెరుచుకున్న కంటిపాప వెడల్పు సుమారు 7 మిల్లీమీటర్లు. 50 మిల్లీమీటర్ల లెన్స్ దానికంటే దాదాపు 50 రెట్లు ఎక్కువ కాంతిని పడుతుంది. జేబులో పట్టే 25 మిల్లీమీటర్ల చిన్న బైనాక్యులర్స్ అయితే 13 రెట్ల దగ్గరే ఆగిపోతుంది. వెడల్పు సగమైతే కాంతి సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

పెద్ద జూమ్ ఎందుకు వద్దు?

జూమ్ పెరిగితే మూడు నష్టాలు.

మొదటిది చేతి వణుకు. ఎవరి చేయి అయినా కొంచెం కదులుతూనే ఉంటుంది. పది రెట్ల జూమ్‌లో ఆ కదలిక కూడా పది రెట్లు అవుతుంది. చాలామందికి చేత్తో పట్టుకుని చూడగలిగే హద్దు 10 రెట్లే. 15, 20 రెట్లంటే ట్రైపాడ్ తప్పనిసరి. స్టాండ్ లేకుండా 20×80 కొంటే అది చేతుల నొప్పికి కొన్నట్టే.

రెండోది కనిపించే ఆకాశం చిన్నదైపోతుంది. మామూలు 10×50లో ఒకేసారి సుమారు 6.5 డిగ్రీల ఆకాశం కనిపిస్తుంది. పౌర్ణమి చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. అంటే పదమూడు చందమామల్ని వరసగా పెట్టినంత వెడల్పు. జూమ్ పెంచేకొద్దీ ఇది తగ్గిపోతుంది. అప్పుడు ఏ చుక్క దగ్గరున్నారో మీకే తెలీదు. కొత్తగా చూసేవాళ్లు 'ఏమీ కనపడట్లేదు' అని వదిలేయడానికి పెద్ద కారణం ఇదే.

మూడోది వెలుగు పలచబడిపోవడం. పోగుచేసిన కాంతి అంతే ఉంటుంది, బొమ్మ మాత్రం పెద్దదవుతుంది. ఒక గ్లాసు పాలలో చెంబుడు నీళ్లు పోసినట్టు అన్నమాట.

అందుకే 10 నుంచి 30 రెట్ల వరకు మార్చుకోవచ్చంటూ వచ్చే 'జూమ్ బైనాక్యులర్స్' నక్షత్రాలకి పనికిరావు. వాటిలో కదిలే భాగాలు ఎక్కువ, రెండు గొట్టాలూ ఒకే వరసలో నిలవడం కష్టం. ఇక "60×60", "90×80" లాంటివి చేతిలో పట్టేంత చిన్న వస్తువు మీద కనిపిస్తే ఒక్కటే పని చేయండి. స్కేల్ తీసుకుని ముందు లెన్స్ కొలవండి. 80 అని రాసినది 30 మిల్లీమీటర్లు కూడా లేకపోతే, మొదటి నంబర్‌ని నమ్మాల్సిన అవసరం అసలే లేదు. 'నైట్ విజన్' అన్న మాట కూడా అంతే. మామూలు బైనాక్యులర్స్‌లో ఉండేవి గాజు లెన్సులు, ప్రిజమ్‌లు. చీకటిని పగలుగా మార్చే యంత్రమేదీ వాటిలో ఉండదు.

చిన్న భాగహారం.. పెద్ద ఉపయోగం

షాపులో నిలబడి చేయగలిగే లెక్క ఒకటుంది. రెండో నంబర్‌ని మొదటి నంబర్‌తో భాగించండి. 10×50 అయితే 5. 7×50 అయితే 7 కంటే కాస్త ఎక్కువ. 8×42 అయితే 5 పైచిలుకు. 10×25 అయితే రెండున్నరే. కళ్ల వైపు నుంచి బయటికొచ్చే కాంతి చుక్క వెడల్పు ఇది, మిల్లీమీటర్లలో.

ఆ చుక్క మన కంటిపాపలో పట్టాలి. కుర్రవాళ్ల కంటిపాప చీకట్లో 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతూ వస్తుంది, యాభై దాటిన చాలామందిలో 5 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అలాంటప్పుడు 7×50 నుంచి వచ్చే 7 మిల్లీమీటర్ల కాంతిలో కొంత లోపలికి పోకుండా వృథా అవుతుంది. తాతకీ మనవడికీ ఒకే బైనాక్యులర్స్ అయితే 10×50 ఇద్దరికీ సరిపోతుంది.

ఈ లెక్కలో 5 నుంచి 7 మధ్య వస్తే రాత్రి ఆకాశానికి బాగుంటుంది. 4 కంటే తక్కువ వస్తే మొదటిసారి కొనేవాళ్లు పక్కన పెట్టేయడమే మేలు.

మరి ఎవరికి ఏది?

ఇంట్లో అందరూ కలిసి వాడుకోవడానికి: 10×50. బరువు ముప్పావు కిలో నుంచి కిలో దాకా ఉంటుంది. ప్రొద్దుటూరు లాంటి లైట్లున్న పట్టణంలో కూడా బాగా పనిచేస్తుంది.

పల్లె చీకట్లో చూసే కుర్రవాళ్లకి, చేయి వణుకు ఎక్కువున్నవాళ్లకి: 7×50. జూమ్ తక్కువ కాబట్టి బొమ్మ నిలకడగా ఉంటుంది, ఆకాశం వెడల్పుగా కనిపిస్తుంది.

పదేళ్ల లోపు పిల్లలకి, బరువు మోయలేనివాళ్లకి: 8×42 లేదా 7×35. తేలిగ్గా ఉంటాయి, పగలు పొలాల్లో పక్షులు చూడ్డానికీ పనికొస్తాయి.

ట్రైపాడ్ ఇప్పటికే ఉన్నవాళ్లకి: 15×70. చంద్రుడు, నక్షత్ర గుచ్ఛాలు చాలా బాగుంటాయి. మొదటి బైనాక్యులర్స్‌గా మాత్రం వద్దు.

నికాన్, సెలెస్ట్రాన్ లాంటి పేరున్న కంపెనీల్లో కూడా మొదటిసారి కొనేవాళ్ల కోసం చేసినవి ఉంటాయి. ఖరీదైన రకాలకి పోవాల్సిన పని లేదు. అయితే పేరు చూసి కాదు, ఆ రెండు నంబర్లు చూసి కొనాలి. అదే కంపెనీ జేబు సైజువి కూడా అమ్ముతుంది మరి.

గీటురాయి పరీక్షలు: షాపులోనే ఐదు నిమిషాలు

నంబర్ సరిపోయింది. ఇప్పుడు వస్తువు సంగతి చూడాలి. ఆన్‌లైన్‌లో కొంటే ఈ పరీక్షలన్నీ పార్శిల్ వచ్చిన రోజే చేయండి. వాపసు గడువు దాటాక తప్పు కనిపెట్టి లాభం లేదు.

1. రెండు బొమ్మలా, ఒకటా? కిలోమీటర్ దూరంలో ఉన్న సెల్ టవర్‌నో, గుడి గోపురాన్నో చూడండి. రెండు కళ్లకీ కలిపి ఒకే బొమ్మ, ఒకే గుండ్రటి వలయంలో కనిపించాలి. రెండుగా కనిపించినా, రెండు నిమిషాలకే కళ్లు లాగినట్టు, తల పట్టేసినట్టు అనిపించినా రెండు గొట్టాల వరస తప్పిందని అర్థం. మారు మాట్లాడకుండా వెనక్కి ఇచ్చేయండి. ఇది ఇంట్లో బాగుచేసుకునే లోపం కాదు.

2. కాంతి చుక్క గుండ్రంగా ఉందా? బైనాక్యులర్స్‌ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని, సూర్యుడు లేని వైపు తెల్లటి ఆకాశం కేసి పెట్టి, కళ్లు పెట్టే లెన్స్ మధ్యలోకి చూడండి. చిన్న వెలుగు చుక్క కనిపిస్తుంది. అది నిండు గుండ్రంగా ఉంటే లోపల ప్రిజమ్‌లు మంచివి. అంచులు కోసినట్టు నలుపలకలుగా, బూడిద రంగు నీడతో కనిపిస్తే తక్కువ రకం గాజు అయి ఉండొచ్చు. పెట్టె మీద 'బీఏకే-4' అని ఉంటే మేలు రకం, 'బీకే-7' అంటే అంతకంటే కిందిది.

3. లెన్స్ మీద పూత ఏ రంగులో ఉంది? పూత లేని గాజు ప్రతి ఉపరితలం దగ్గరా దాదాపు 4 శాతం కాంతిని వెనక్కి తోసేస్తుంది. బైనాక్యులర్స్‌లో అలాంటి ఉపరితలాలు పదికి పైనే ఉంటాయి. లెక్క వేసుకోండి, ఎంత పోతుందో! అందుకే 'ఫుల్లీ మల్టీ కోటెడ్' అన్న మాట వెతకాలి. అంటే అన్ని ఉపరితలాలకీ ఒకటికి మించిన పొరలు వేశారన్నమాట. ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూస్తే దాని ప్రతిబింబం మందంగా, ఆకుపచ్చగానో ఊదాగానో కనిపించాలి. కెంపులా ఎర్రగా మెరిసిపోతుంటే ఆకర్షణే తప్ప ప్రయోజనం లేదు. ఎరుపు మెరుస్తోందంటే ఎర్ర కాంతిని లోపలికి పంపకుండా వెనక్కి కొట్టేస్తోందనే అర్థం.

4. కుడి కన్ను సర్దుబాటు ఉందా? చాలా బైనాక్యులర్స్‌లో కుడివైపు తిప్పే రింగ్ ఉంటుంది. ముందు కుడి కన్ను మూసి, మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి స్పష్టంగా పెట్టుకోవాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, చక్రం ముట్టకుండా రింగ్ మాత్రమే తిప్పి కుడి కంటికి సరిచేసుకోవాలి. ఈ పని తెలియకే చాలామంది మంచి వస్తువుని కూడా 'మసక' అంటుంటారు.

5. కళ్లద్దాలతో చూడగలరా? దూరపు చూపు, దగ్గరి చూపు లోపం ఒక్కటే ఉన్నవాళ్లు అద్దాలు తీసేసి ఫోకస్ తిప్పుకుంటే సరిపోతుంది. సిలిండర్ పవర్ ఎక్కువున్నవాళ్లు అద్దాలతోనే చూడాలి. వాళ్లు 'ఐ రిలీఫ్' 15 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ ఉన్నది తీసుకోవాలి. లేకపోతే కనిపించే వలయంలో మధ్య భాగమే కనబడుతుంది. రబ్బరు కప్పులు వెనక్కి మడిచి, అద్దాలు పెట్టుకునే పరీక్షించండి.

ఇక రాత్రి చేయాల్సిన పరీక్ష ఒకటి మిగిలింది. ఒక ప్రకాశవంతమైన చుక్కని మధ్యలో పెట్టి ఫోకస్ చేయండి. సూది మొనలా కనిపించాలి. అంచులకి వెళ్లేకొద్దీ కొంచెం సాగడం మామూలే. నడిమధ్యలోనే తోకలు, కొమ్ములు వస్తే మాత్రం ఆ వస్తువు వద్దు.

రాజుపాలెం ఆకాశం ప్రత్యేకత ఏంటి?

ప్రొద్దుటూరుకి ఉత్తరాన ఉండే రాజుపాలెం మండలం సుమారు 14.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఈ ఒక్క అంకెతో చాలా తేడా వస్తుంది. ఇక్కడి నుంచి ధ్రువ నక్షత్రం ఉత్తరాన 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ధ్రువుడు అంత కిందికి దిగాడంటే, దక్షిణాన అంత ఎక్కువ ఆకాశం పైకి తేలిందని అర్థం.

మే నెల రాత్రి తొమ్మిదిన్నర పది గంటలప్పుడు దక్షిణాన దాదాపు 28 డిగ్రీల ఎత్తులో 'ఒమేగా సెంటారీ' అనే నక్షత్రాల ముద్ద కనిపిస్తుంది. సుమారు 17 వేల కాంతి సంవత్సరాల దూరంలో, కోటి దాకా నక్షత్రాలు గుమిగూడిన చోటు అది. 10×50లో గుండ్రటి మంచు ముద్దలా ఉంటుంది. లండన్‌లో లక్షలు పెట్టి టెలిస్కోప్ కొన్నా ఇది చూడలేరు. ఎందుకంటే అక్కడ అది అసలు ఉదయించదు. ఫిబ్రవరి సాయంత్రాల్లో దక్షిణాన మెరిసే అగస్త్య నక్షత్రం కూడా అంతే, అక్కడివాళ్లకి కనబడదు.

తమిళనాడులోని కావలూరు దగ్గర వేణు బప్పు అబ్జర్వేటరీ ఉంది. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన తండ్రిని చూస్తూ పెరిగిన వేణు బప్పు పేరే దానికి పెట్టారు. 2.34 మీటర్ల అద్దమున్న పెద్ద టెలిస్కోప్ 1986 నుంచి అక్కడుంది. భూమధ్యరేఖకి దగ్గరగా, 12.5 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉండటంతో ఉత్తర, దక్షిణ ఆకాశాలు రెండూ చూడగలగడం దానికున్న పెద్ద వసతి. రాజుపాలెం అక్కడికంటే రెండు మూడు డిగ్రీలే పైన ఉంది. ఆ వసతిలో చాలా భాగం మన మిద్దె మీదా ఉన్నట్టే.

అయితే ఒక చిక్కుంది. రాజుపాలెం నుంచి చూస్తే ప్రొద్దుటూరు దక్షిణం వైపే ఉంటుంది. పట్టణం లైట్ల కాంతి సరిగ్గా దక్షిణ దిగంతం మీదే లేస్తుంది. ఎర్రగుంట్ల వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు, ఆర్‌టీపీపీ వెలుగులు కూడా ఆ దిక్కునే. కాబట్టి కిందికున్న చుక్కల కోసం అవి బాగా పైకి వచ్చే వేళ చూడాలి. లేదంటే ఊరికి దక్షిణాన లైట్లు లేని చోటికి వెళ్లాలి. పులివెందుల వైపు ఉన్నవాళ్లు పట్టణం దాటి దక్షిణానికి వెళ్తే ఊరి వెలుగు వెనకాల పడుతుంది. వెల్లాల దగ్గర కుందూ ఒడ్డున ఉన్నవాళ్లకి తలమీది ఆకాశానికి ఢోకా లేదు.

జమ్మలమడుగు వైపువాళ్లకి గండికోట ఉంది. చీకటికి మంచి చోటు. కానీ పెన్నా లోయ అంచు దగ్గర ఒక్క మాట. బైనాక్యులర్స్ కళ్లకి పెట్టుకుంటే కాళ్ల కింద ఏముందో కనబడదు. అంచుకి చాలా దూరంగా, కూర్చుని మాత్రమే చూడండి. నడవాలంటే కళ్ల మీద నుంచి దించి, టార్చ్ వేసుకుని నడవండి. పొలాల్లో అయితే బూట్లు తప్పనిసరి, పాములుంటాయి.

కొనకుండానే దొరికే 'అప్‌గ్రేడ్'

ఎక్కువ ఖర్చు పెట్టి కొన్నదానికంటే ఈ నాలుగు పనుల వల్ల ఎక్కువ కనిపిస్తుంది.

చీకటి: కంటిపాప పూర్తిగా తెరుచుకుని, కన్ను చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ చూస్తే మళ్లీ మొదటికే. తప్పదనుకుంటే టార్చ్‌కి ఎర్ర గాజు కాగితం చుట్టండి, ఎర్ర వెలుగు అంత పాడు చేయదు.

అమావాస్య: నక్షత్ర గుచ్ఛాలు, పాలపుంత చూడాలంటే అమావాస్యకి అటూ ఇటూ వారం రోజులు మంచివి. గోడ మీద క్యాలెండర్ చాలు.

నులక మంచం: నిలబడి తలెత్తి చూస్తే ఐదు నిమిషాల్లో మెడ పట్టేస్తుంది, చేతులు వణుకుతాయి. మిద్దె మీద మంచం వేసుకుని వెల్లకిలా పడుకుని చూడండి. బైనాక్యులర్స్ బరువు ముఖం మీద ఆనుతుంది, వణుకు తగ్గిపోతుంది. కుర్చీలో అయితే మోచేతులు ఆనించుకోండి. పిట్టగోడ కూడా స్టాండే.

కాలం: నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం ఎక్కువ రోజులు తేటగా ఉంటుంది. ఎండాకాలంలో దుమ్ము పొర ఉన్నా, వాన పడి వెలిసిన రాత్రి అద్భుతంగా ఉంటుంది.

ఏం కనిపిస్తాయి? ఏం కనిపించవు?

యాడ్‌లో ఫొటోలు చూసి కొంటే నిరాశ తప్పదు. ముందే తెలుసుకుంటే ఆనందం మిగులుతుంది.

చందమామ: పౌర్ణమి రోజు కంటే శుద్ధ సప్తమి, అష్టమి రోజుల్లో చూడండి. వెలుగు, చీకటి కలిసే గీత దగ్గర గుంతల నీడలు స్పష్టంగా కనిపిస్తాయి.

గురుడు: బైనాక్యులర్స్‌ని గోడకి ఆనించి కదలకుండా పట్టుకుంటే గురుగ్రహం పక్కన చిన్న చిన్న చుక్కలు ఒకే వరసలో కనిపిస్తాయి. అవి దాని చంద్రుళ్లు. 1610లో గెలీలియో చూసినవి ఇవే. వరసగా నాలుగు రాత్రులు కాగితం మీద గీసుకోండి, అవి చోటు మారడం మీరే కనిపెడతారు.

కృత్తికలు: మన పల్లెల్లో 'పిల్లలకోడి' అంటారు. ఉత్త కంటికి ఆరో ఏడో చుక్కలు. బైనాక్యులర్స్ పెడితే పదుల కొద్దీ. మొదటిసారి చూసినవాళ్లు 'అబ్బ' అనేది దీని దగ్గరే. డిసెంబర్, జనవరి రాత్రుల్లో నడినెత్తి మీదకొస్తుంది.

పుష్యమి: ఉత్త కంటికి పలచటి పొగలా ఉండే చోట, లోపల తేనెటీగల గుంపులా చుక్కలు కనిపిస్తాయి.

మృగశిర దగ్గరి మేఘం: వేటగాడి నడుం పట్టీలా ఉండే మూడు చుక్కల కింద, వేలాడే కత్తి మధ్యలో మసక మేఘం ఉంటుంది. సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో కొత్త నక్షత్రాలు పుట్టే చోటు.

ఆండ్రోమెడా గెలాక్సీ: నవంబర్, డిసెంబర్ సాయంత్రాల్లో ఒక బూడిద రంగు మరకలా కనిపిస్తుంది. మరకే కదా అని తీసిపారేయొద్దు. ఆ కాంతి బయల్దేరి 25 లక్షల ఏళ్లయింది.

మూల: వృశ్చికం తోక దగ్గర పాలపుంత చిక్కగా ఉంటుంది. అక్కడ నెమ్మదిగా బైనాక్యులర్స్ కదుపుతూ పోతే ఒక్కో చోట ఒక్కో గుంపు తగులుతుంది.

కనిపించనివి కూడా చెప్పుకోవాలి. శని వలయాలు 10 రెట్లలో విడిగా కనబడవు, గ్రహం కాస్త కోలగా అనిపిస్తుంది అంతే. వలయం తెలియాలంటే కనీసం 25 రెట్లు, కదలని స్టాండ్ కావాలి. గెలాక్సీలు, మేఘాలు ఫొటోల్లోలా రంగుల్లో ఉండవు, కంటికి బూడిద రంగులోనే ఉంటాయి. ఇవే కావాలంటే టెలిస్కోప్ గురించి ఆలోచించాలి. కానీ చవక టెలిస్కోప్‌తో మొదలుపెట్టొద్దు. ఊగే స్టాండ్ మీద ఇరుకు గొట్టంలోంచి తలకిందుల బొమ్మ చూస్తూ ఓపిక పోగొట్టుకునే కంటే, ముందు బైనాక్యులర్స్‌తో ఆకాశం దారులు నేర్చుకోవడం మంచిది. రేపు టెలిస్కోప్ కొన్నా ఇది పక్కన ఉండాల్సిందే.

బైనాక్యులర్స్‌తో తోకచుక్కలే కనిపెట్టారు!

ఇది పిల్లల ఆటవస్తువు అనుకుంటే పొరపాటే. జపాన్‌కి చెందిన యుజీ హ్యాకుటాకే 1996 జనవరి చివర్లో ఒక తోకచుక్కని కనిపెట్టారు. అదే ఏడాది మార్చిలో ప్రపంచమంతా దాన్ని ఉత్త కంటితో చూసింది. ఆయన వాడింది టెలిస్కోప్ కాదు, 25×150 సైజు పెద్ద బైనాక్యులర్స్.

ఇంగ్లాండ్‌లో బడి పంతులుగా పనిచేసిన జార్జ్ ఆల్కాక్ సంగతి ఇంకా ఆసక్తికరం. 1983 మేలో ఆయన ఇంట్లోనే, కిటికీ అద్దం వెనక నుంచి 15×80 బైనాక్యులర్స్‌తో చూస్తూ ఒక తోకచుక్కని పట్టేశారు. వేల నక్షత్రాల చోట్లు ఆయనకి కంఠతా వచ్చు. అందుకే కొత్త చుక్క ఒకటి చేరగానే గుర్తుపట్టగలిగారు.

అన్నింటికంటే ముఖ్యమైన హెచ్చరిక

బైనాక్యులర్స్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ సూర్యుడిని చూడొద్దు. ఒక్క క్షణం కూడా వద్దు. 50 మిల్లీమీటర్ల లెన్స్ పోగుచేసిన ఎండ అంతా కంటి లోపలి పొర మీద పడితే చూపు శాశ్వతంగా పోవచ్చు. ఆ పొరకి నొప్పి తెలియదు కాబట్టి, కాలుతున్నట్టు కూడా అర్థం కాదు. అస్తమించే సూర్యుడైనా, గ్రహణం పట్టిన సూర్యుడైనా ఇదే మాట.

గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని బైనాక్యులర్స్‌లోంచి చూడటం కూడా ప్రమాదమే. ఆ అద్దాలు ఉత్త కంటితో చూడ్డానికి చేసినవి, పోగుపడిన వేడికి పాడైపోతాయి. పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు సూర్యుడు పూర్తిగా అస్తమించాకే ఇవ్వండి. పగలు పెట్టెలో పెట్టి, మూతలు వేసి ఉంచండి.

మొదటి రాత్రి ఎలా మొదలుపెట్టాలి?

కొత్త బైనాక్యులర్స్ చేతికొచ్చాక అన్నీ ఒకే రాత్రి చూసేయాలనుకోవద్దు. ఫిబ్రవరి నుంచి జూన్ మధ్య అయితే ఉత్తరాన సప్తర్షి మండలం వెతకండి. తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు. పెళ్లిలో పురోహితుడు 'అరుంధతి కనిపించిందా?' అని అడిగితే పట్టపగలు, మబ్బులో, ఏమీ కనబడకపోయినా 'కనిపించింది' అని తలూపినవాళ్లే ఎక్కువ మంది. ఆ అరుంధతి వశిష్ఠుడి పక్కనే ఉంటుంది.

ముందు ఉత్త కంటితో ఆ చోటు మీద చూపు నిలపండి. చూపు తిప్పకుండా బైనాక్యులర్స్ పైకెత్తి కళ్లకి ఆనించండి. కొత్తవాళ్లకి రావాల్సిన మొదటి విద్య ఇదే. చక్రం మెల్లగా తిప్పితే రెండు చుక్కలూ విడివిడిగా, సూది మొనల్లా నిలబడతాయి. అలా నిలబడితే మీరు కొన్నది సరైన వస్తువే. ఒక్కో చుక్కా రెండేసిగా కనిపిస్తే, తెల్లారగానే బిల్లు వెతకండి.